అడగడానికి ఆగొద్దన్న మా అక్క

నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోడికోడలు గుంటూరు ఆసుపత్రిలో పోయిందన్న కబురు బుధవారం పొద్దున తెలిసింది. ఇంట్లోవాళ్లు నాకు ఫోన్ చేసేలోపే, మా మిర్చి రైతు మహిళల కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టేశారు. పన్నెండు ఊళ్ల ఆడవాళ్లకు నాతో పాటే తెలిసిందని ఆ దుఃఖంలోనూ నాకు కష్టంగా తోచింది. దేవుడు నన్ను క్షమించాలి.

ఆవిడ ఏడో తరగతితో చదువు ఆపేసింది. నేను పది పాసయ్యాను. అయినా కంపెనీకి ఛైర్మన్‌గా అందరూ ఆవిడనే ఎన్నుకున్నారు. నన్ను మా ఊరి గ్రూపుకు లీడర్‌ని చేశారు. ఆవిడ మీద నా అసూయ అక్కడ మొదలైంది.

ఆఫీసులో ఆవిడకంటూ వేరే కుర్చీ ఉండేది కాదు. ఏ ఊరి సరుకు ఆ ఊరివాళ్లే ఎండబెట్టి, తాలుకాయలు ఏరి, ఫొటోలు గ్రూపులో పెట్టి, కొనేవాళ్లతో వాళ్లే మాట్లాడుకునేవాళ్లు. ఒకసారి చెన్నై నుంచి వచ్చిన వ్యాపారి, "ఇక్కడ పెద్ద ఎవరండీ?" అని అడిగాడు.

"సరుకు కావాలా, పెద్ద కావాలా అండీ?" అంది అక్క, చాపమీద కూర్చుని తొడిమలు తీస్తూనే. అందరూ నవ్వారు. నేనైతే లేచి నిలబడి, నేనేనండీ అని చెప్పేదాన్ని.

"నన్ను అడగడానికి ఆగొద్దు. చేసేసి చెప్పండి" అనేది ఎప్పుడూ. నాకు ఆ పద్ధతి నచ్చేది కాదు. నలుగురూ నన్ను అడగాలి. నాకు కావలసింది అదే. అందుకని మా ఊరి గ్రూపు కల్లంలో టార్పాలిన్ పట్టాలన్నీ ఒక గదిలో పెట్టి, తాళం నా దగ్గరే ఉంచుకున్నాను. పట్టా తీయాలన్నా నాకు చెప్పే తీయాలి.

ఒక శుక్రవారం వినుకొండలో ఉపవాస ప్రార్థనకు వెళ్లి ఫోన్ ఆపేశాను. మధ్యాహ్నం వాన దంచింది. మిగతా ఊళ్లలో ఎవరికి వాళ్లు పట్టాలు కప్పుకున్నారు. మా కల్లంలో ఎండుకాయంతా తడిసింది.

నేను బస్సు దిగగానే మా గ్రూపులో ఉండే మార్తమ్మ ఎదురొచ్చింది. "తాళం నీ నడుముకే ఉందిగా వదినా! మమ్మల్నేం కప్పమంటావ్, మా చీరలా?"

మర్నాడు అక్క వచ్చింది. మార్తమ్మ పక్కన కూర్చుని నల్లబడ్డ కాయలు ఏరుతూ, "ఇప్పుడేం చేద్దామే?" అని వాళ్లనే అడిగింది. వాళ్లే చెప్పుకున్నారు, వాళ్లే చేసుకున్నారు. వెళ్లేటప్పుడు మాత్రం నన్ను పక్కకు పిలిచింది.

"దేవుడే నిన్ను అడక్కుండా వాన కురిపించాడు చెల్లీ. ఆడోళ్లు అడగాలా?"

వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆ మాట నిజమని తెలుసు. నిజం కాబట్టే మాట్లాడలేకపోయాను.

ఆవిడ జబ్బుపడ్డాక ఒకసారి చూడటానికి వెళ్లాను. పండ్లు తీసుకెళ్లాను, ప్రార్థన చేశాను. చివరికి ఉండబట్టలేక, "నీ తర్వాత ఎవరక్కా?" అన్నాను.

నా ముఖం చూసి నవ్వింది. "ఎవరైనా. ఏడాదికొకరు. సంతకం పెట్టడానికేగా! నువ్వూ పెట్టు ఒక ఏడాది, సరదా తీరిపోద్ది."

ఆవిడ మంచాన పడి నాలుగు నెలలైనా అమ్మకానికి పోయే సరుకు ఒక్క లాటు కూడా ఆగలేదు. నేను ఒక్క పూట లేకపోతేనే మా కల్లం మునిగింది. నేను లేకపోతే పని జరగకపోవడమే ఒకప్పుడు నా గొప్ప అనుకున్నాను. ఆవిడ నుంచి నేర్చుకున్నదానికి కృతజ్ఞత ఉంది. కానీ అసూయ కూడా అలాగే ఉంది. లేదని చర్చిలో చెప్పలేను, ఇక్కడా చెప్పలేను.

ఆవిడను సమాధి చేసే రోజు అక్కడికి ఆడవాళ్లంతా కల్లాల నుంచి నేరుగా ఆటోల్లో వచ్చేశారు. ఎవరూ రమ్మని చెప్పలేదు. ఒకరు నీళ్లు తెచ్చారు, ఒకరు దారి ఊడ్చారు. నేను మాత్రం ఏం చేయాలో ఎవరైనా అడుగుతారేమోనని నిలబడ్డాను.

అప్పుడు చూశాను. వాళ్ల చేతులకింకా కారం ఉంది. కళ్లు తుడుచుకోలేక, ఏడుస్తూ ముఖాలు భుజాలకేసి రుద్దుకుంటున్నారు. నేను ఇంటి దగ్గర స్నానం చేసి వచ్చాను, నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. మార్తమ్మ దగ్గరికి వెళ్లి నా కొంగుతో ఆమె కళ్లు తుడిచాను. తర్వాత పక్కామెవి. ఆ పక్కామె ఎవరో, ఏ ఊరో తెలియదు, ముఖం నా వైపు తిప్పి కళ్లు మూసుకుంది.

నా కోసం ఇంతమంది ఏడుస్తారా అన్న ఆలోచన అప్పుడు కూడా పోలేదు. కొంగు తడిసిపోయింది. రెండో అంచు పట్టుకుని ఇంకొకామె దగ్గరికి వెళ్లాను.