అంకమ్మరావు చెప్పిన నిజం

అంకమ్మరావును ప్రెసిడెంటు గారూ అని పిలిస్తే అద్దంకి పక్క పల్లెల్లో సగంమంది సర్పంచి అనుకుంటారు. కాదు మహాప్రభో, ఆయన మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ల సంఘానికి ప్రెసిడెంటు. జీతం లేదు, భత్యం లేదు. వారమంతా పొగాకును వేడికి పండబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర ఆకు కాల్చడం, ఆదివారం తెల్లచొక్కా మీద టై కట్టుకుని ఎరువుల కొట్టు మేడమీద ప్రార్థన నడపడం. పదేళ్ల కిందట ఏడుగురు, ఇప్పుడు అరవైమంది. అది చూసుకుని మనిషి లోలోపల పొంగిపోయేవాడు కూడానూ.

అరవై ఒకటో మనిషి గురవమ్మ కావాల్సింది. మిరప కల్లాల్లో తొడిమలు తీసే ముసలమ్మ. బాప్తిస్మం ఇవ్వమని ఒకటే పట్టు. వీళ్లలో చేరాలంటే టీ, కాఫీ, పొగాకు మానాలి. టీ మానేసింది. చుట్ట మాత్రం ఓ పట్టాన వదల్లేదు. నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే అడ్డపొగ, చిన్నప్పటి అలవాటాయె!

"నువ్వు పొగాకు కాల్చి అమ్మితే తప్పులేదు గానీ, నేను చుట్ట కాలిస్తే తప్పా నాయనా?" అంది ఓసారి.

తాగకూడదనే గానీ అమ్మకూడదని లేదు, రూలు అట్లా ఉందమ్మా అన్నాడు అంకమ్మరావు.

బాప్తిస్మానికి ముందు ప్రశ్నలడిగే రోజు వచ్చింది. అడిగే మిషనరీకి తెలుగు రాదు, తర్జుమా అంకమ్మరావే. పొగాకు మానేశారా అన్న ప్రశ్నకి గురవమ్మ తలొంచుకుంది.

"నువ్వే చెప్పు నాయనా," అంది.

ఆ పొద్దునే కల్లం వెనక ఆమె చుట్ట తాగుతుంటే ఆయన కళ్లారా చూశాడు. చూశాడని ఆమెకీ తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రెండు వారాలు ఆగమన్నారు.

తొమ్మిదో రోజు కల్లంలోనే ఎండదెబ్బకి పోయింది గురవమ్మ.

పోయినవాళ్ల బదులు ఇంకొకరు నీళ్లలో మునిగినా బాప్తిస్మం చెల్లుతుందని వీళ్ల నమ్మకం. అందుకు నింపాల్సిన కాగితం పట్టుకుని అంకమ్మరావు గురవమ్మ కొడుకు యలమంద దగ్గరికెళ్లాడు. పుట్టిన తేదీ అడిగాడు.

"నాకేం తెలుసండీ! ఆధార్‌లో జనవరి ఒకటని వేశారు. అది ఉత్తదే."

ఉత్తదని తెలిశాక రాయడానికి చెయ్యి రాలేదు మహానుభావుడికి. ఎవర్నడగాలో తెలీదు. కాగితం ఇప్పటికీ అట్లాగే ఉంది. గురవమ్మ గురించి ఆయనకి ఖాయంగా తెలిసింది ఒక్కటే, ప్రశ్నలడిగిన రోజు పొద్దున చుట్ట తాగిందని. అది మాత్రం అడగ్గానే చెప్పేశాడు.