మట్టిగుట్ట చుట్టూ పద్నాలుగు మందిమి

ముందే హెచ్చరిస్తున్నాను. ఈ కథలో పద్నాలుగు మంది పెద్దమనుషులు పొద్దున్నే టిఫిన్ లేకుండా మాడిపోతారు. ఒక నాటుకోడి కూర పొయ్యి మీద మూడుసార్లు వేడెక్కుతుంది. ముప్పై ఆరేళ్లు కష్టపడి సంపాదించుకున్న నా పేరు రెండున్నర గంటల్లో మట్టిలో కలుస్తుంది. తప్పు ఎవరిదా అని మీరు వెతుక్కోనక్కర లేదు, మొత్తం నాదే.

అప్పటికి నాకు అరవై ఒక్కటి. ఆ వయసులో మనిషికి దూకుడు ఎక్కువ, ఒకరు చెప్తే వినే ఓపిక తక్కువ. ఇప్పుడు అరవై ఏడు వచ్చాయి, కాస్త బుద్ధి కూడా వచ్చింది.

నేను గోదావరిఖనిలో భూగర్భ గని ఓవర్‌మన్‌గా రిటైరయ్యాను. షిఫ్టులో దిగిన వాళ్లందరి మీదా పెత్తనం, వాళ్లందరినీ క్షేమంగా పైకి పంపే పూచీ ఓవర్‌మన్‌వే. కింద ఎన్ని సొరంగాలు, ఎన్ని మలుపులు! టోపీ దీపం ఆరిపోయినా నేను దారి తప్పేవాణ్ణి కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానంటే, నేను "కింద" అని మొదలుపెట్టగానే మా ఆవిడ సుశీల లేచి వంటింట్లోకి పోయేది. నేల మీద మాత్రం నేను ఇంటి నుంచి గనికి, గని నుంచి ఇంటికి తప్ప కాలినడకన పెద్దగా తిరిగింది లేదు. ఈ సంగతి ఆ రోజు వరకూ నాకే తెలియదు.

రిటైరవ్వగానే సుశీలా నేనూ మా కాలనీ నడక జట్టులో చేరాం. నెలకోసారి, రెండో శనివారం, ఏదో ఒక దిక్కు నడిచి వస్తాం. ఆదివారం ఎందుకు కాదంటే, జట్టును నడిపించే ప్రేమలత టీచర్ ఆదివారం చర్చికి పోవాలి. ఒక నెల జ్యోతినగర్ క్వార్టర్ల మధ్య చెట్ల నీడన తిరిగాం. ఇంకో నెల బసంత్‌నగర్ దాకా పోయి లారీల దుమ్ము తిని వచ్చాం. ఆ నెల టీచర్ "ఈసారి ఎటు పోదాం?" అని అడగడమే ఆలస్యం, నేను చెయ్యెత్తాను.

"మా చెల్లె ఊరికి. ఆరు కిలోమీటర్లు. టిఫిన్ ఆమె ఇంట్లనే. తొవ్వ నేను చూపిస్త."

ఇక్కడ మా చెల్లె సరోజన గురించి చెప్పాలి. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. "అన్నా, నీ దోస్తులను తీసుకొని ఒక్కసారి రారాదు?" అని ఆమె అడగని పండగ లేదు, "డ్యూటీ ఉన్నదే" అని నేను అనని పండగ లేదు. ఇప్పుడు డ్యూటీ లేదు కదా. ఫోన్ చేసి, "తొమ్మిది కొట్టేసరికి మీ ఇంట్ల ఉంటం. నడిచే వస్తం. మాట ఇస్తన్న" అన్నాను. "అయితే నాటుకోడి కోయిస్త అన్నా" అంది చెల్లె. నేనిచ్చిన ఆ ఒక్క మాట నిలబెట్టుకోవాలని నాకు నిజంగా ఉండింది. మీరు నవ్వేటప్పుడు ఇది కాస్త గుర్తుంచుకోండి.

శనివారం ఆరున్నరకు కాలనీ గేటు దగ్గర బయలుదేరాం. నాతో గనిలో పనిచేసిన రాజమల్లు ఫోన్ తీశాడు.

"బావా, మ్యాపు పెట్టన్నా?"

"మ్యాపా? కింద నాకు ఏ ఫోను చూపించిందిరా తొవ్వ?"

"కింద సరే. ఇది పైన గదా."

"మట్టిగుట్టను కుడిచేతికి పెట్టుకొని పోవుడే. గింతదానికి మ్యాపెందుకు?"

మా దిక్కున మట్టిగుట్ట అంటే దేవుడు పెట్టిన గుట్ట కాదు. ఓపెన్‌కాస్టు గని తవ్వేటప్పుడు బొగ్గు మీద ఉన్న మట్టినంతా తెచ్చి ఒకచోట పోస్తారు. పోయగా పోయగా అది గుట్టవుతుంది. ఎన్నో ఏళ్ల కింద నేను చెల్లె ఊరికి చివరిసారి నడిచి పోయినప్పుడు అక్కడ ఒకే గుట్ట ఉండేది. తరువాత ఎప్పుడు పోయినా బండి మీద మెయిన్ రోడ్డునే పోయాను. ఈ లోపల దాని ముందు ఇంకో గుట్ట లేచింది. మనుషులు వచ్చిపోతుంటారు కానీ గుట్టలు ఉన్నచోటే ఉంటాయని నమ్మిన అమాయకుణ్ణి నేను. కొత్త గుట్ట కనబడింది, కుడిచేతికి పెట్టుకున్నాను.

అరగంట నడిచాక బాట రెండుగా చీలింది. ఎడమది పత్తి చేల మధ్యకు, కుడిది గుట్టను ఆనుకొని పోతున్నాయి. చేలో ఒక అవ్వ పత్తి ఏరుతోంది.

"కనకయ్యన్నా, ఆ అవ్వను అడుగుదమా?" అంది టీచర్.

"అవసరం లేదు టీచర్" అని నేను కళ్లు మూసుకొని, ముఖం పైకెత్తి, బాట మధ్యలో నిలబడ్డాను.

"ఏందయ్యా, కండ్లు తిరుగుతన్నయా?" అంది సుశీల గాభరాగా.

"కాదు, గాలి చూస్తన్న."

భూగర్భ గనిలో మంచి గాలి బయటి నుంచే లోపలికి వస్తుంది. దారి తెలియనప్పుడు ఆ గాలికి ఎదురు నడిస్తే పైకి చేరతాం. ఎంతోమందికి నేర్పిన పాఠం అది. "కుడి దిక్కు నుంచి వస్తంది. తొవ్వ గదే" అని తేల్చాను. మీరు నన్నొక్కణ్ణే పిచ్చివాడనుకోకండి. జట్టులో ఉన్న మరో నలుగురు గని పనివాళ్లు కూడా ముఖాలు పైకెత్తి, గాలి చూసి, "అవు, గటే" అన్నారు.

అవ్వ పని ఆపి మా ఐదుగురినీ చూసింది. "ఎటు పోతన్నరు బిడ్డా? ఊరికైతే గటు కాదు" అని కేకేసింది.

"గాలి చెప్పిందవ్వా!" అని నేను చెయ్యూపి, జట్టును కుడి బాట పట్టించాను.

నేల మీద గాలికి ఏ ఓవర్‌మన్ అన్నా లెక్కలేదని నాకేం తెలుసు? గుట్ట వంపు తిరిగింది, గాలీ దానితో పాటే వంపు తిరిగింది, వాటి వెంట మేమూ తిరిగాం. గుట్ట కుడిచేతికి ఉంది, గాలి ముఖానికి తగులుతోంది. ఇంకేం కావాలి? నేను ముందు నడుస్తూ గనిలో నా సాహసాలు చెప్పుకుంటూ పోయాను.

ఎనిమిదింబావుకు చెల్లె ఫోను. "అన్నా, ఎందాక వచ్చిండ్రు? కాలువ దాటిండ్రా?"

మేము ఏ కాలువా దాటలేదు. "ఆఁ... దగ్గర్నే ఉన్నం" అన్నాను.

"బావా, కాలువ ఏది?" అన్నాడు రాజమల్లు.

"ఎండిపోయినట్టున్నది. మనం చూసుకోలేదు."

ఎనిమిదీ ముప్పావుకు మళ్లీ ఫోను. "కూర రెండోపారి వేడి జేసిన అన్నా. జల్ది రాండ్రి." జట్టులో అప్పటికే మాటలు తగ్గాయి. షుగరు ఉన్నవాళ్లు జేబుల్లో బిస్కెట్లు వెతుక్కుంటున్నారు. నేను మాత్రం నడక వేగం పెంచాను.

అప్పుడు కనబడింది. "అదిగో!" అని అరిచాను. "చెల్లె ఊరి వాటర్ ట్యాంకు!"

అందరూ చప్పట్లు కొట్టారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఊరు మస్తు పెరిగింది బావా" అన్నాడు రాజమల్లు.

"డెవలప్ అయింది మల్ల."

"ఇండ్లన్ని ఒక్క తీరుగనే ఉన్నయి. మన క్వార్టర్ల లెక్కనే" అంది టీచర్, అనుమానంగా.

"మన కాలనీని చూసే కట్టుకున్నట్టున్నరు" అని నేను చెల్లెకు ఫోన్ చేశాను. "ట్యాంకు దగ్గరికి వచ్చినం. ఎదురు రా."

"మా ఊర్ల ట్యాంకు ఎక్కడిది అన్నా?" అంది చెల్లె.

ఆ మాట నాకు అర్థమయ్యేలోపల సుశీల ఆగిపోయింది. ఎదురుగా ఒక ఇంటి వెనక తీగ మీద ఊదారంగు చీర ఆరేసి ఉంది. సుశీల దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఏమయ్యా, మీ చెల్లె ఊర్ల నా చీర ఎవలు ఆరేసిండ్రు?"

పొద్దున్నే ఆమే ఉతికి ఆరేసిన చీర. మా ఇంటి వెనకే. గుట్ట చుట్టూ ఒక్క నిండు చుట్టు తిరిగి, బయలుదేరిన కాలనీకే వెనక వైపు నుంచి వచ్చి చేరాం.

టీచర్ మా ఇంటి వెనక మెట్ల మీద కూలబడింది. "కనకయ్యన్నా, నా అరవై నాలుగేండ్లల్ల నేను జేసిన మొదటి ప్రదక్షిణం ఇదే. మా పాస్టరుకు నువ్వే చెప్పుకో."

అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, అవతల చెల్లె వింటూనే ఉంది. తొమ్మిది దాటింది. ముప్పై ఏళ్లకు ఒక్క మాట ఇచ్చి దాన్ని కూడా తప్పాను. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"చెల్లె, నేను... మా ఇంటి వెనకాల ఉన్న" అన్నాను.

"ఆడనే ఉండు. కదలకు. ఇగ ఎవలకూ తొవ్వ చూపియ్యకు" అని పెట్టేసింది.

ముప్పావు గంటకు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో బగారన్నం గిన్నె, సర్వపిండి గంప, మూడోసారి వేడెక్కిన కూర, వాటి మధ్య మా సరోజన. దిగి నడుం మీద చేతులు పెట్టుకొని నన్ను చూసింది.

"ఇన్నేండ్లు డ్యూటీ అన్నవు. ఇయ్యాల డ్యూటీ లేకపోయె, తొవ్వ లేకపోయె!"

అని, నవ్వు ఆపుకోలేక ఆటో అంచున కూర్చుండిపోయింది. తరువాత ఒక్కొక్కరికీ తనే వడ్డించింది. "నువ్వేనా రాజమల్లన్న? మా అన్న నోట నీ పేరు వినుడే గాని మొఖం చూసింది లేదు" అంటూ కొసరి కొసరి పెట్టింది. మా ఇంటి ముందు చెల్లె చేతి కూర తింటున్న నా దోస్తులను చూస్తుంటే నా కడుపు తినకముందే నిండింది. అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను.

పై నెల సరోజనే పొద్దున్నే వచ్చి, ముందు నడిచి, మమ్మల్ని వాళ్ల ఊరికి తీసుకుపోయింది. బాట చీలిన చోట ఎడమకు తిరిగాం. పత్తి చేలో అవ్వ నన్ను గుర్తుపట్టింది.

"ఏం బిడ్డా, ఇయ్యాల గాలి సక్కగ చెప్పిందా?"

ఈ ఆరేళ్లలో సుశీల ఏ రెండో శనివారమూ ఆ ఊదారంగు చీర ఉతికి ఆరేయడం మానలేదు. రంగు వెలిసింది, అంచు చిరిగింది. "కట్టుకోవు గదా, ఇంకెందుకు?" అని అడిగితే, "నువ్వు ఎన్కకు రావాలె గదా" అంటుంది. కాబట్టి ఆ చీర మీద ఒట్టేసి, మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. నా కాళ్లలో సత్తువ ఉన్నంత కాలం నెల నెలా నడుస్తాను. నా ముందు ఎప్పుడూ ఒక మనిషి వీపు ఉంటుంది. గాలి వీస్తే తల దువ్వుకుంటాను, అంతే.