పైకి లేచిన పిడికిలి

సోమవారం నుంచి శుక్రవారం దాకా హత్సుయో ఇనమసు కమిహమా బడి వంటశాలలో నాలుగు వందల పన్నెండు మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. మంగళ, గురువారాల్లో సాయంత్రం వెదురు కత్తి పట్టి కెండో సాధన చేస్తుంది. వయసు యాభై ఏడు. ఊళ్లోని సాధనశాలలో పెద్దవాళ్లు ఏడుగురే. కొత్తగా చేరేవాళ్లకు పదకొండేళ్లుగా మొదటి పాఠం ఆమే చెబుతోంది.

"దెబ్బ తగిలిందని సంబరపడ్డారో, ఆ దెబ్బ చెల్లదు. ఓడినవాడి ముందు గంతులేయడానికి రాలేదు మనం."

జిల్లా పోటీల్లో కమిహమా జట్టు ఇరవై రెండేళ్లుగా మొదటి రౌండు దాటలేదు. ఈసారి ఐదు ఆటల్లో నాలుగు ముగిసేసరికి రెండుకు రెండు. ఆఖరి ఆట ఆడాల్సిన ఒనొదెర గురువుగారికి మోకాలు వాచింది. దాంతో ఆ స్థానం హత్సుయోకి వచ్చింది. ఎదుట ముప్పై నాలుగేళ్ల పోలీసు.

ఆమె ముఖానికి ఇనుప ముసుగు పెట్టి తాళ్లు బిగించినవాడు జట్టులోనే ఉన్న, సెలూన్ నడిపే కుమగాయి.

"పోలీసని భయపడకండి ఇనమసు గారూ. రోజూ నాలుగు వందల మంది పిల్లల చేత వంకాయ తినిపించే మనిషి మీరు. ఇతనొక లెక్కా?"

"మాటలాపి తాడు సరిచెయ్యండి. చెవి నలుగుతోంది."

మూడు నిమిషాల పాటు ఇద్దరూ ఒకరికొకరు దొరకలేదు. అప్పుడు పోలీసు కొట్టడానికి చేతులెత్తాడు. అవి పూర్తిగా లేవకముందే హత్సుయో కత్తి అతని మణికట్టు మీద పడింది. ముగ్గురు న్యాయనిర్ణేతల జెండాలూ ఆమె వైపే లేచాయి. ఆమె కుడిచెయ్యి కత్తి పిడి వదిలి, పిడికిలి బిగించి, ఛాతీ దాకా లేచింది. లేచినట్టు ఆమెకే తెలియలేదు.

పెద్ద న్యాయనిర్ణేత మిగతా ఇద్దరినీ మధ్యకు పిలిచాడు. ముగ్గురూ మాట్లాడుకుని వచ్చి, జెండాలు కిందికి దించి అడ్డంగా ఊపారు. చెల్లదు.

"అన్యాయమండీ!" కుమగాయి గుసగుసగా గింజుకున్నాడు. "రెప్పపాటు కూడా లేదు కదా ఆ పిడికిలి!"

"ఊరుకోవయ్యా," అన్నారు గురువుగారు. "తప్పు ఎవరిదో ఆమెకి తెలుసు."

హత్సుయో ఎవరి ముఖమూ చూడలేదు. వెనక్కి నడిచి గీత మీద నిలబడింది. మిగిలింది ముప్పై ఎనిమిది సెకన్లు. ముసుగు లోపల ముఖం మండిపోతోంది. ఇరవై రెండేళ్ల తర్వాత చేతికందిన గెలుపును తన చేత్తోనే జారవిడిచింది.

పోలీసుకు ధైర్యం వచ్చింది. తల మీద కొడదామని పెద్ద అడుగు వేసి వచ్చాడు. ఆమె వెనక్కి తగ్గలేదు, అరడుగు పక్కకు జరిగి అతని డొక్క మీద కొట్టింది. ఆ చప్పుడు ప్రేక్షకుల పైవరుస దాకా వినిపించింది. దాటి వెళ్లి, తిరిగి, కత్తి మొన అతని గొంతుకు సూటిగా నిలిపింది. మూడు జెండాలు లేచాయి. హాలంతా చప్పట్లు. ఆమె రెండు చేతులూ కత్తి మీదే ఉన్నాయి, ఆట ముగిసిందని పిలిచేదాకా, వంగి నమస్కరించేదాకా.

ముసుగు తీశాక గురువుగారి ముందు కూర్చుంది.

"గురువుగారూ, ఇందాకటి పిడికిలి..."

"అది వదిలెయ్. యాభై ఏళ్లుగా ఈ కత్తి పడుతున్నాను. నువ్వు రెండోసారి కొట్టినట్టు నేను నాలుగైదుసార్లు కొట్టుంటాను, అంతే."

ఆయన అంతగా ఎవరినీ మెచ్చుకుని ఎరగరు.

మధ్యాహ్నం రెండో రౌండులో కమిహమా ఐదు ఆటలూ ఓడిపోయింది. ఐదుకు సున్నా అని రాసిన పలక ముందే ఏడుగురూ వరసగా నిలబడి ఫొటో దిగారు.