దిండులోకి వెళ్లిపోయిన హీరో

దర్శిలో నజ్మీన్ అనే పిల్ల చచ్చిపోయిన తాతను దూదితో మళ్లీ పుట్టించి, నాలుగు నిమిషాలపాటు దుప్పటి మీద నడిపించింది. అది చూసిన లెక్చరర్లు ముగ్గురూ కళ్లజోళ్లు తడిసిపోయి, మెట్లు కనపడక కిందపడ్డారు. ఒకాయనకు కట్టు కూడా కట్టారు. నమ్మనివాళ్లు గుంటూరు వెళ్లి ఆ కట్టు చూసి రావచ్చు.

తాత పేరు బుడే. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన పత్తిని విల్లుతో ఏకి, మళ్లీ కుట్టిచ్చేవాడు. ఫోమ్ పరుపులొచ్చాక పని తగ్గింది గానీ ఆయన గొప్పలు తగ్గలేదు. తన విల్లు మోతకు చీరాల్లో రైలు ఆగేదనేవాడు. విల్లుకు కట్టిన నరాన్ని చెక్క గూటంతో కొట్టడానికి ఆయనకో లెక్క ఉండేది. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. పని ముగిశాక, నరానికి అంటిన పోగులు రాలేలా, గాల్లో ఒకే ఒక ఖాళీ దెబ్బ.

నజ్మీన్ గుంటూరులో యానిమేషన్ కోర్సు చదువుతోంది. ఆఖరి ఏడాది ఎవరికి వాళ్లు ఒక చిన్న సినిమా చేసివ్వాలి. సంగీతం కూడా సొంతదే కావాలి, లేకపోతే పాస్ చెయ్యరు. ఆమె పత్తి ఉండలతో జానెడు ముసలాయన్ను చేసింది. దర్శిలో ఇంట్లోనే నల్ల దుప్పటి మీద నిలబెట్టి, కాలు కొంచెం జరిపి ఒక ఫోటో, ఇంకొంచెం జరిపి ఇంకో ఫోటో. సెకనుకు పన్నెండు. ఫ్యాన్ వేస్తే హీరో ఎగిరిపోతాడు కాబట్టి, మే నెల ఎండల్లో ఫ్యాన్ బంద్. ఆ గదిలో కారిన చెమటతో ఎకరం మిరప తోట తడిసేది.

"నా విల్లు మోత రికార్డు చేసుకోవే, నేనే కొడతా," అని తాత మూడుసార్లు అడిగాడు.

"బొమ్మలయ్యాక తాతా," అంది మూడుసార్లూ.

నాలుగోసారి అడగలేదు. మసీదు నుంచి వచ్చి మంచం మీద కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు.

నజ్మీన్ ఏడవలేదు. వచ్చినవాళ్లకు టీ ఇచ్చింది, గ్లాసులు కడిగింది. పన్ను పీకడానికి ముందు మత్తుసూది వేస్తే చిగురు ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా ఉంది. నాలుగో రోజు మళ్లీ ఫోటోలు మొదలుపెట్టింది.

తాత పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలకు చుట్టాలొచ్చారు. దిండ్లు చాల్లేదు. మర్నాడు పొద్దున చూస్తే దుప్పటి ఖాళీగా ఉంది.

"నాయనమ్మా, ఇక్కడ పత్తేదీ?"

"అదా? అంత మంచి పత్తి నేలమీద పడేస్తావటే? ఒంగోలు మామయ్య దిండులో కుక్కేశా," అంది ఖాదర్‌బీ.

"అది తాత బొమ్మ నాయనమ్మా."

ఖాదర్‌బీ దిండ్ల వైపు తిరిగింది. "ఏ దిండో గుర్తుందిలే. విప్పనా?"

"వద్దులే. మామయ్య ఇంకా పడుకునే ఉన్నాడు."

సినిమాకు ఇంకా నాలుగు సెకన్లు తక్కువ. నజ్మీన్ ఖాళీ దుప్పటిని నలభై ఎనిమిది ఫోటోలు తీసింది. ఒకటి తీసి కాపీ చేసుకోవచ్చని ఆమెకు తెలుసు.

సోమవారం గడువు. ఆదివారం మధ్యాహ్నం, పొన్నూరు చర్చిలో కీబోర్డు వాయించే క్లాస్‌మేట్ మార్క్ సంచీ తగిలించుకుని దిగాడు.

"ఏంటే, ఏ ఏడుపు కావాలి? నా కీబోర్డులో పదిహేడు రకాలున్నాయి. వయొలిన్ ఏడుపు, వేణువు ఏడుపు..."

"ఏదీ వద్దు. విల్లు కొడతా. నువ్వు ఫోన్ పట్టుకో."

"నీకు కొట్టడం వచ్చా?"

"రాదు."

గోడ మీంచి దించిన విల్లు ఆమెకంటే పొడుగుంది. బొమ్మ అడుగులన్నీ తాత లెక్క ప్రకారం వేసినవే. ఆమె చేతికి ఆ లెక్క అందలేదు. ల్యాప్‌టాప్‌లో సినిమా చూస్తూ పదకొండుసార్లు కొట్టింది.

"మణికట్టులోంచి రావాలే దెబ్బ!" వంటింట్లోంచి ఖాదర్‌బీ అరిచింది.

పన్నెండోసారి దాన్నే ఉంచేశారు. దూది ముసలాయన కాలు ఆనిన అర క్షణానికి గానీ మోత రాలేదు. ఆయన కుంటుతున్నట్టుంది. చివర్న ఖాళీ దుప్పటి వచ్చినప్పుడు నజ్మీన్ గాల్లో ఒక్క దెబ్బ కొట్టింది. నరం మీంచి రెండు పోగులు రాలాయి.

ఖాదర్‌బీ గుమ్మం దగ్గర నిలబడింది. "ఆఖరిసారి ఆయన ఆ దెబ్బ కొట్టకుండానే విల్లు గోడకు తగిలించాడు. నువ్వు రికార్డు చేసుకోవాలిగా, అప్పటిదాకా పని అయినట్టు కాదన్నాడు."

నజ్మీన్ కన్ను తడవలేదు. నరం మోత ఆగేదాకా విల్లు పట్టుకునే ఉంది. పోగులు రెండూ ఏరి ఫోన్ కవర్లో పెట్టుకుంది.

కాలేజీలో సినిమా వేశారు. పాసయింది. "ముసలాయన కుంటి నడకకు తగ్గట్టు మోతను ఆలస్యం చేశావు చూడు, అదమ్మా ఆలోచనంటే!" అని లెక్చరర్ మెచ్చుకున్నాడు. సాయంత్రానికల్లా మార్క్ క్యాంటీన్లో బల్లెక్కి, నాలుగు నిమిషాలు, కళ్లజోళ్లు, మెట్లు, కట్టు అంతా చెబుతున్నాడు. నజ్మీన్ టీ గ్లాసు కింద పెట్టింది.

"యాభై రెండు సెకన్లు. ఎవరూ పడలేదు. మా తాత కుంటేవాడు కాదు. నేనే దెబ్బ ఆలస్యంగా కొట్టా."