టీవీలో దాటిన మూలమలుపు

"టీవీ ఎవరాపిన్రే?"

"నేనే ఆపిన. బొమ్మ కదలకుంట నిలవడ్డది, సూసేటోళ్లు లేరు. కరెంటు ఊకెనే వస్తదా?"

"నిన్ను పిలుద్దామనే ఆట నిలిపి దొడ్లెకు వోయిన. ఆ మూలమలుపు దాటిన్నే! ఇన్ని దినాలకు దాటిన! స్విచ్చి ఆపితే మల్ల మొదటికే గదా!"

"టీవీల దాటితే ఏమొచ్చె? ఇంటిముందట జీపు మీద దుమ్ము బెత్తెడున్నది. దాన్ని దాటియ్యి, సూస్త."

నిన్న మనవరాలు సెల్లులో కార్ల ఆట ఆడుతూ, అన్నానికి పిలిస్తే అట్లాగే వదిలి వచ్చి, తిన్నాక మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టడం చూసేసరికి, ఇరవై ఏండ్ల కిందట మా ఆయనతో పడ్డ ఈ జగడం చెవుల్లో మోగింది. అప్పుడు నాకు నలభై దాటాయి, ఆయనకు యాభై దగ్గరపడ్డాయి. ఏన్కూరు నుంచి కారేపల్లికి మనుషుల్ని ఎక్కించుకొని జీపు తోలేవాడు. ఒక వానరోజు ఆ తొవ్వలోనే అడవి అంచున కుడి మలుపులో జీపు ఒరిగింది. ప్రాణాలేవీ పోలేదుగాని మా వాడకట్టు పిల్లకు చెయ్యి విరిగింది. ఆ పిల్ల దవాఖానా నుంచి వచ్చి చేలో పనికి కూడా పోతున్నా, ఈయన మాత్రం తాళంచెవి ముట్టలేదు. జీపు అమ్ముదామంటే వద్దనేవాడు, తోలమంటే మాట మార్చేవాడు. కూర్చోలేడు, పడుకోలేడు, గడపదాకా పోతాడు వస్తాడు, నేను పొయ్యి దగ్గరుంటే కాళ్లకు అడ్డం తిరుగుతాడు. అది చూడలేక పెద్దల్లుడు ఖమ్మంలో టీవీ ఆట కొని తెచ్చాడు.

మీసాలు నెరిసిన మనిషి నేలమీద చతికిలబడి, వైరున్న రిమోటు పట్టుకొని బొత్తాలు నొక్కుతుంటే నాకు ఒళ్లు మండేది. రోడ్డు పక్కన చేతులూపే బొమ్మ మనుషులు కనబడితే చాలు, ఎక్కేవాళ్లనుకొని స్లో చేసేవాడు. వెనక కార్లన్నీ దాటిపోయేవి. హారను బొత్తం లేదని మలుపు మలుపుకూ నోటితోనే కొట్టేవాడు. నవ్వితే ఇంకా ఆడతాడని నేను నవ్వేదాన్ని కాదు. ఒకనాడు రెండో రిమోటు నా చేతిలో పెట్టి కూర్చోబెట్టాడు. ఆడితేనే తెలిసింది నాకు. ఆటలో చివర ఒక కుడి మలుపు వస్తుంది, అక్కడికి రాగానే ఆయన వేళ్లు కారు తిప్పే బొత్తం మీది నుంచి వాటంతటవే లేచిపోయేవి, కారు పోయి చెట్టుకు గుద్దుకొనేది. నేను సులువుగానే దాటేదాన్ని. ఎన్నడూ బండి తోలనిదాన్ని, నాకేం భయం? బొమ్మ మలుపే దాటలేనివాడు ఇక జీపేం ఎక్కుతాడని నాకు గుబులు పట్టుకున్నది అప్పుడే.

అట్లాంటిది, ఆ సాయంత్రం ఒంటరిగా దాటాడట. నాకు చూపాలని ఆయన దొడ్లోకి వెళ్లాడు, నేను వాకిట్లో నుంచి లోపలికి వచ్చి స్విచ్చి ఆపాను. చూడని బొమ్మకు కరెంటు కాల్చకూడదనే ఇప్పటికీ అంటాను.

ఇప్పటి ఆటలు ఎక్కడ ఆపితే అక్కడే ఉంటాయి, మనవరాలికి మొదటికి రావడమంటే ఏమిటో తెలియదు, మంచిదే. మా రోజుల్లో స్విచ్చి ఆపితే దాటిందంతా పోయేది. దాటానని చెప్పుకుంటే చాలేది కాదు, మళ్లీ దాటి చూపాల్సి వచ్చేది.

తెల్లారి ఆయన టీవీ జోలికి పోలేదు. జీపు తుడిచి తాళం తిప్పితే బ్యాటరీ చచ్చిపోయి ఉన్నది. నూకమన్నాడు. చీర కుచ్చిళ్లు ఎగజెక్కి నేనూ పక్కింటామె వెనక నుంచి నూకాము. వాడకట్టు చివర ఇంజను అందుకున్నది. నిలిపితే ఇంజను మళ్లీ ఎక్కడ ఆగిపోతుందోనని, వెనక్కి కూడా చూడకుండా కారేపల్లి తొవ్వ పట్టాడు. నేను ఇంట్లోకి వచ్చి చేతులు కడుక్కొని పొయ్యి ముట్టించాను.