ఐదో సూది

డాక్టర్ శ్రావణి లాగ్‌బుక్ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా రికార్డు గది అటెండరు యాదగిరి. పంజగుట్టలోని ఒక బోధనాసుపత్రి అకడమిక్ విభాగానికి నేను సూపరింటెండెంటుగా వచ్చి అప్పటికి రెండేళ్లు. ఫిబ్రవరి నెల, సోమవారం. ఎం.డి. చివరి పరీక్ష దరఖాస్తులు శనివారంలోగా విశ్వవిద్యాలయానికి చేరాలి.

"అమీర్‌పేట హాస్టల్ నుంచి ఆటోల వచ్చిందట మేడం. బ్యాగు తీస్కున్నది, బుక్కు సీటు మీదనే మర్చిపోయింది. గా ఆటోను ఇప్పుడు ఏడ దేవులాడాలె?" అన్నాడు.

శ్రావణి చదివేది జనరల్ మెడిసిన్, అంటే కోత లేకుండా పెద్దవాళ్ల జబ్బులు చూసే వైద్యం. ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్లు వార్డుల్లో, ఐసీయూలో పనిచేసి, ఒక పరిశోధన రాసి సమర్పించాలి. చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్‌లో ఎక్కించి గైడు సంతకం పెట్టించుకోవాలి. అందులో మూడు గడులుంటాయి: చూసినవి, సాయపడినవి, స్వయంగా చేసినవి. వెన్నులో సూది పెట్టి నీరు తీయడం స్వయంగా ఐదుసార్లు చేసి ఉండాలని ఆ విభాగం నియమం. పుస్తకం లేనిదే దరఖాస్తు కదలదు.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పి, పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టించారు. చూసింది చూసినట్టు రాయి, లేకపోతే కలం మూసెయ్యి అనేవారు. ఆ ఒక్క మాటకే ఆయనకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అయినా ఒప్పుకోవాలి, మూడేళ్ల పని ఒకే సిరాతో, ఒకే వారంలో నింపిన పుస్తకాలు నా బల్ల మీదికి వచ్చేవి. అనుమానపడుతూనే ముద్ర వేసేదాన్ని.

శ్రావణికి తోటివాళ్లు తమ పుస్తకాలు ఇవ్వజూపారు, చూసి రాసేయమన్నారు. ఆమె సిరిసిల్ల నేతపని ఇంటి పిల్ల. నా దగ్గరికి వచ్చి, "వాళ్ల పేషెంట్లు నా పేషెంట్లు ఎట్లయితరు మేడం? కేసు షీట్లు చూసి రాస్తా, పర్మిషన్ ఇప్పియ్యండి" అంది. విభాగాధిపతి చేత ఉత్తర్వు రాయించాను. డ్యూటీ అయ్యాక మూడు రోజులు యాదగిరి ఫైళ్లు దింపడం, ఆమె కేసు నంబరుతో సహా రాసుకోవడం. తుమ్ముకుంటూనే దింపాడు పాపం.

గురువారానికి వెన్ను సూదులు నాలుగే తేలాయి. ఐదోది బోరబండ నుంచి వచ్చిన బాలమణి అనే ఆవిడది. ఆ కేసు షీటులో నీరు తీసినట్టుంది, ఎవరు తీశారో రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. తనే చేసినట్టు గుర్తని శ్రావణి చెప్పింది. గుర్తు చాలదన్నారు ఆమె గైడు ప్రొఫెసర్ గారు. వార్డులో ఎవరికైనా శనివారంలోగా చేయిస్తే సరిపోదా అని ఎవరో అన్నారు. గడి నింపడానికి మనిషి వెన్నులో సూది గుచ్చేది లేదని ఆయన ఖండించారు.

ఫైలు తిరగేసి యాదగిరే కనిపెట్టాడు, బాలమణి మర్నాడు ఔట్‌పేషెంటుకు రావాల్సి ఉందని. శుక్రవారం పొద్దున ఆవిడ వైరు బుట్టతో వచ్చింది. నేను వారించేలోపే యాదగిరి ఆవిడ చెవిలో వేశాడు: "జర గీ బిడ్డనే చేసిందని చెప్పమ్మా. లేకుంటే పరీక్ష ఆగిపోతది."

ప్రొఫెసర్ గారు అడిగారు. బాలమణి శ్రావణిని చూసి నవ్వింది. "ముందు గీ బిడ్డనే పొడిచింది సారూ. నీళ్లు రాలె. గా పొడుగు డాక్టరు వచ్చి తీసిండు. గప్పుడు ఈమె నా చెయ్యి వట్టుకున్నది, ఇడ్సలె."

"బాగా యాది చేస్కో అమ్మా," అన్నాడు యాదగిరి.

"ఏందన్నా, వీపు నాది. దానికి ఎర్క ఉండదా?"

శ్రావణి కేసు షీటు మళ్లీ చూసింది. "అవును సార్. సూదికి ఎముక తగిలింది. ఇప్పుడు యాదికొచ్చింది," అని, ఆ కేసును సాయపడినవాటి గడిలో రాసింది. రాసి, బాలమణికి బీపీ చూసింది.

ప్రొఫెసర్ గారు సంతకం చేస్తూ ఒకటి తక్కువని తన చేత్తోనే రాశారు. అలాంటప్పుడు ఇద్దరు ప్రొఫెసర్ల ఎదుట శిక్షణకు వాడే బొమ్మ మీద చేయించి విభాగం ధ్రువీకరించవచ్చునని నియమాల్లో ఒక వెసులుబాటు ఉంది. శనివారం పొద్దున శ్రావణి ఆ బొమ్మ వెన్నులో మొదటిసారికే నీరు తెప్పించింది. మధ్యాహ్నానికి దరఖాస్తు వెళ్లింది. పరీక్ష రాసింది, నెగ్గింది.

నిజాయితీ ఉన్నవాళ్లను కూడా జ్ఞాపకం మోసం చేస్తుంది. అందుకే చేసిన పని ఆ రోజే, చేసినవారి పేరుతో రాసి ఉండాలి. ఆ ఏడాది నుంచి లాగ్‌బుక్కులను నెలనెలా తెప్పించుకున్నాను, ఒకే సిరావి వెనక్కి పంపాను.

చదివినవారికి ఒక మనవి. మీ డాక్టరు గోడ మీద పట్టా కనబడినప్పుడు బోరబండ బాలమణిని ఒకసారి తలుచుకోండి. అలాంటివారి సంతకం దాని మీద ఉండదు.