నరం కాదు, కండ

మా క్లినిక్ తలుపు తెరుచుకోగానే నీలగిరి తైలం వాసన గుప్పుమంటే, వచ్చినవాళ్లు అప్పటికే ఇంట్లో రుద్దించుకొని వచ్చారని అర్థం. మదనపల్లెలో ఫిజియోథెరపిస్టుగా రోజూ చూసేదే. టమాటా మార్కెట్లో క్రేట్లు మోసే మనిషి నడుం పట్టుకొని వచ్చి "నరం పట్టేసిండాదమ్మా" అంటాడు. "నరం కాదప్పా, కండ" అంటాను, కాస్త కటువుగానే. ఆ కోపం అతని మీద కాదు. ఆ వాసన వస్తే నాకు గుర్తొచ్చేది రెడ్డెప్ప సార్, పుంగనూరులో మా బడి డ్రిల్లు మాస్టారు.

నా కాళ్లలో పరుగు ఉందని మొదట కనిపెట్టింది ఆయనే. అమ్మా నాన్నా వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాళ్లు. పరుగు పందేలు గెలిస్తే క్రీడల కోటాలో పోలీసు ఉద్యోగం వస్తుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనే మా వాకిట్లో నిలబడి, "పాపని నాకు ఇడిసిపెట్టప్పా. దీని కాళ్లే మీకు కూడు పెడతాయి" అన్నారు. నాన్న నమ్మాడు. నేను అంతకన్నా ఎక్కువ నమ్మాను. పొద్దున్నే గ్రౌండుకు పోతే తన డబ్బాలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి నాకు పెట్టేవారు. సొంత బిడ్డలా చూసుకున్నారు, కాదనను. అందుకే తర్వాత జరిగింది ఇప్పటికీ మింగుడుపడదు.

జిల్లా జట్టుకు కుప్పంలో ఎంపికలు. దానికి కొద్ది రోజుల ముందు ప్రాక్టీసులో కుడి తొడ వెనక ఏదో పటుక్కుమంది. అక్కడే కూలబడ్డాను. సార్ వచ్చి వేలితో నొక్కి చూశారు.

"నరం పట్టిండాది, అంతే."

తైలం వేడి చేసి బొటనవేలు దించి రుద్దారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "శానా నొప్పిగా ఉండాది సార్. ఈసారికి వద్దు సార్" అన్నాను.

"నొప్పికి బయపడేదానివి పరుగుకి యాల వస్తివి మణీ? పరిగెత్తితే అదే ఇడుస్తాది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. కండ ఎలా పనిచేస్తుందో అప్పుడు నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. కండకు లాగడం తప్ప తోయడం రాదు. అందుకే అవి జతలుగా ఉంటాయి. ఒకటి బిగిస్తే ఎదురుగా ఉన్నది సడలాలి, అప్పుడే కాలు ఆడుతుంది. పరుగులో తొడ ముందరి కండ కాలిని విసురుతుంది, తొడ వెనక కండ ఒకపక్క సాగుతూనే దాన్ని పట్టి ఆపుతుంది. పోగులు తెగేది సాధారణంగా ఆ క్షణంలోనే. తెగిన పోగులకు కావలసింది చల్లటి గుడ్డ, విశ్రాంతి. నాకు దొరికింది వేడి తైలం, రుద్దుడు, మళ్లీ పరుగు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

కుప్పం గ్రౌండులో సగం దూరం కూడా పోలేదు, కాలు నాది కాకుండా పోయింది. మట్టిలో పడి ఉంటే పక్కవాళ్ల అడుగుల చప్పుడు ముందుకు వెళ్లిపోవడం వినపడింది. తిరుగు బస్సులో సార్ కిటికీ వైపు తిరిగి, "నువ్వు తట్టుకోలేకపోతివి" అన్నారు. నేను మళ్లీ నడవడం నేర్చుకునేసరికి ఆ గుడ్డు వేరే పిల్లకు పెడుతున్నారు. తెగినచోట అతుక్కున్నది పాత కండలా సాగదు. పోలీసు ఉద్యోగం ఆశ అక్కడితో పోయింది. నాలో తెగిందేమిటో తెలుసుకోవాలన్న కసితోనే ఈ చదువు చదివాను.

పోయిన ఏడు పక్షవాతం వచ్చిన సార్‌ను ఆయన భార్య నా దగ్గరికే తీసుకొచ్చారు. కుడిచెయ్యి పిడికిలిలా ముడుచుకుపోయింది. బెంచీ మీద పక్కవాళ్లతో, "ఈ పాపని తయారు చేసింది నేనే" అని చెబుతున్నారు. అది అబద్ధం కానందుకే నాకు ఒళ్లు మండింది.

ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పుతుంటే అడిగారు, "నరం పట్టిండాది గదా మణీ?"

జీవితమంతా తప్పుగా వాడిన మాట ఆయనకు చివరికి సరిపోయింది. "అవును సార్, ఈసారి నరాల సంగతే" అన్నాను. కండ బాగానే ఉంది. సడలమని మెదడు పంపే మాటే దానికి చేరడం లేదు.

ఆగలేక అడిగాను, "కుప్పంలో నా కాలు గుర్తుండాదా సార్?"

"ఉండాది. ఇంకొంచెం ఓర్సుకోని ఉంటే గెలిచేదానివి."

ఆయన చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. మిగిలిన వేళ్లు కూడా మెల్లగా విప్పాను. 'అయ్యో' అన్న ఒక్క మాట కోసం ఇన్నేళ్లు ఎదురుచూశానని అప్పుడే తెలిసింది. అది రాదనీ తెలిసింది.

ఈ మధ్యే ఆయన పోయారు. మణి చెయ్యి పడితే నొప్పి తెలియదని మదనపల్లెలో నాకో పేరుంది. ఎవరైనా 'అబ్బా' అంటే అక్కడే చెయ్యి ఆపేస్తాను. ఆ అలవాటు ఎవరి వల్ల వచ్చిందో వాళ్లకు తెలియదు. నా తొడ వెనక బొటనవేలు పట్టేంత గుంట ఒకటి మిగిలింది. చలికాలం పొద్దున క్లినిక్ మెట్లెక్కుతుంటే అక్కడ లాగుతుంది. లాగడం తప్ప దానికి ఇంకేమీ రాదు.